'అది' ఎందుకు రాలేదు?

సూరత్‌కు నన్ను రప్పించింది స్వప్న. సిరిసిల్లలో నా దగ్గర చదువుకుంది, ఇప్పుడు సూరత్‌లో మన మరమగ్గాల కార్మికుల పేటలో తెలుగు బడి టీచరు. కరోనా మూడో వేవ్ తగ్గి బడులు మళ్లీ తెరిచారు. "మగపిల్లలందరు వచ్చిన్రు టీచర్. ఆడపిల్లల బెంచీలే సగం ఖాళీగున్నయి. జర మీరొచ్చి మాట్లాడుండ్రి" అని ఫోన్ చేసింది. రిటైరైనప్పటి నుంచి పాఠం చెప్పక నా నాలుక దురద పెడుతోంది. వెంటనే ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో రాజ్‌కోట్ బండి ఎక్కాను. వెళ్లబోయేవాళ్లకు ఒక మాట: కరోనా పేరు చెప్పి ఏసీ పెట్టెలో దుప్పట్లు ఇవ్వడం లేదు, మీదే తెచ్చుకోండి. నాకు తెలియక, బడిలో కట్టుకుందామని తెచ్చిన పట్టుచీర కప్పుకుని పడుకున్నాను. ఎదురు సీటులో, సూరత్ పక్కనే హజీరాలో పనిచేసే రాజమండ్రి ఇంజినీరు. మాస్కు గడ్డం కిందికి దించి నా పులిహోర తింటూ, "సూరత్ వెళ్లి లోచో తినకుండా మాత్రం రాకండి మేడమ్" అని హెచ్చరించాడు.

పొద్దున ఎనిమిదిన్నరకు దిగాను. స్వప్న స్కూటీ మీద వాళ్ల పేట లింబాయత్‌కు తీసుకెళ్లింది. వీధి పొడవునా మగ్గాల చప్పుడే. వాళ్లింట్లో స్నానం, ఉప్మా, ఒక కునుకు. బడి పన్నెండింటికి.

ఎనిమిదో తరగతిలో గంటసేపు దంచేశాను. ఆడా మగా సమానమన్నాను, ఇంటిపని ఇద్దరూ చేయాలన్నాను. పిల్లలు బుద్ధిగా చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో హాజరు పట్టీ అందుకున్నాను.

"నరేశ్ ఏడీ? వాడెందుకు రాలేదు?" జ్వరమన్నారు.

"లత ఏదీ? అది ఎందుకు రాలేదు?"

పూజ అనే అమ్మాయి లేచింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిందట. "టీచర్, ఏక్ సవాల్, ఒకటి అడుగుత. నరేశ్‌ను వాడు అన్నరు. లతను అది అన్నరు. గీ కుర్చీని గూడ అదే అంటరు గదా?"

క్లాసు గొల్లుమంది. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, ఒక్కనాడూ నాకిది తట్టలేదు. మా అమ్మ నన్ను 'అది' అనే అనేది, ముద్దుగానే అనేది. అయినా నిజంగా సిగ్గేసింది. "గుజరాతీలైతే మమ్మల్ని బెన్ అంటరు, అంటే అక్క. పూజాబెన్!" అని ఆమె మరొకటి తగిలించింది.

చెవులు పట్టుకుని తప్పు ఒప్పుకున్నాను. ఇకమీదట క్లాసులో అమ్మాయిలను 'ఆమె' అనాలని పిల్లలే తీర్మానించారు. "ఆమె అంటే అత్తమ్మ లెక్క ఉంటది టీచర్" అని ఒకడు గొణిగాడు కానీ, చివరి గంటకల్లా ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు.

లత కవల తమ్ముడు గణేశ్ అదే క్లాసులో ఉన్నాడు. అతనొస్తున్నాడు, ఆమె రావడం లేదు. సాయంత్రం ఐదున్నరకు స్వప్నా నేనూ అతని వెంట వాళ్లింటికి వెళ్లాం. లత, వాళ్లమ్మ కలిసి చీరకు మెరుపు రాళ్లు అతికిస్తున్నారు. తండ్రి రాజయ్య రాత్రి షిఫ్టుకు టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాడు.

"ఒక్కటే ఫోన్ ఉండె మేడం, పోరనికిచ్చిన. దాని సదువు రెండేండ్లు ఆగిపాయె. గిప్పుడు అది బడికొస్తే ఏం సమజైతది?"

"అది కాదు బాపూ, ఆమె" అన్నాడు గణేశ్.

రాజయ్య తెల్లబోయాడు. లత రాయి అతికిస్తూనే అంది: "నాకు అన్నీ సమజైతయి బాపూ. వీని ఆన్‌లైన్ లెక్కలన్నీ నేనే చేసిన."

గణేశ్ గడప దాటబోతే స్వప్న చొక్కా పట్టుకుని ఆపింది. నోటుబుక్కు బయటికొచ్చింది. అట్ట మీద పేరు గణేశ్‌ది, లోపల దస్తూరీ లతది, బడి తెరిచాక స్వప్న దిద్ది ఎర్ర సిరాతో రాసింది 'శభాష్ గణేశ్'. స్వప్న ముఖం చూడాలి! రాజయ్య ఆ పేజీలు చాలాసేపు తిప్పాడు. "ఇద్దరు కలిసి మస్తు మోసం జేసిన్రు గదరా" అని నవ్వాడు. కానీ పంపిస్తానని మాత్రం అనలేదు. "రేపు సూద్దాం మేడం" అని షిఫ్టుకు వెళ్లిపోయాడు. ఆ 'చూద్దాం' అన్న మాటతోనే బడికి దూరమైన పిల్లలు నాకు చాలామంది తెలుసు. నాకు దిగులు పట్టుకుంది.

మర్నాడు ఉదయం లోచో తిన్నాం. రుబ్బిన శనగపప్పును ఆవిరిలో ఉడికించి, నూనె పోసి, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. ఖమన్ ఢోక్లా చేయబోతే చెడిపోయి ఇది పుట్టిందట, లోచో అంటే గందరగోళమేనట. "నిన్న క్లాసుల మీరు చేసింది గూడ గదే టీచర్" అని స్వప్న ఏడిపించింది. ఉడుక్కుని రెండో ప్లేటు తెప్పించుకున్నాను.

పన్నెండింటికి స్వప్న బడికి వెళ్లింది, నేను ఆటోలో స్టేషన్‌కు వచ్చాను. ఒంటిగంట దాటినా లత వచ్చిందని ఫోన్ లేదు. బండి కదిలింది, ఉధనా స్టేషను వెనకబడింది. సచిన్ అనే ఊరి ఫ్యాక్టరీ గొట్టాలు కనిపిస్తుండగా మోగింది.

"వచ్చింది టీచర్!" అని అరిచింది స్వప్న. "రాజయ్యనే షిఫ్ట్ దిగి, నిద్ర గూడ పోకుండ తోల్కొచ్చిండు!"

కళ్లు తుడుచుకుని, లతకు ఒకసారి ఫోన్ ఇమ్మన్నాను. రెండు మంచి మాటలు చెబుదామని గొంతు సవరించుకున్నాను కూడా.

"తర్వాత మాట్లాడ్త టీచర్, బోర్డు మీద లెక్క సగంల ఉన్నది" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

సూరత్‌లో నాకు జరిగిన మర్యాదలన్నిటిలోకీ అదే గొప్పది.