సింధూజ కంప్యూటర్, కరెంటు రాజం

ఫ్యూజు కట్టడం వచ్చిన ప్రతివాడూ ఇంజనీరై తిరిగే రోజులివి. తెలుగూ మరాఠీ కలిసే సరిహద్దు ఊరు సిరొంచలో అలాంటి ఇంజనీర్లకు కొదవ లేదు. కాని పేరుకు ముందు ‘కరెంటు’ చేర్చి ఊరంతా పిలిచేది ఒక్క రాజాన్నే. ముప్పై అయిదేళ్లుగా ఇంటింటికీ తిరిగి వైరింగు చేస్తున్నాడు, మోటర్లు చుడుతున్నాడు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. సన్న తీగ కొస కనబడాలంటే నుదుటి మీది కళ్లద్దాలు కిందికి దించుకోవాలి. అయినా ‘కరెంటు రాజం’ అన్న పిలుపు వినబడితే నడుం తనంతట తానే నిటారవుతుంది. పాపం, ఈ మధ్య ఆ పిలుపూ తగ్గింది. ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాక జనం అహేరి దుకాణాలకు ఫోన్లు చేస్తున్నారు.

రాజం పద్ధతి వేరు. ఇంటికి రాగానే సంచి విప్పడు. ముందు చాయ్ తాగుతాడు. తాగుతూ మూడు ప్రశ్నలు అడుగుతాడు: ఎప్పటినుంచి, మొదట ఎవరు చూశారు, ఇంట్లోకి కొత్తగా ఏం వచ్చింది. యంత్రం అబద్ధమాడదు, మనుషులే సగం చెప్పి సగం మింగుతారని అతని నమ్మకం. తానూ మనిషేనన్న సంగతి మాత్రం అప్పుడప్పుడూ మరిచిపోతుంటాడు.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున సింధూజ కబురు పెట్టింది. ఆమె వెంకటవ్వ కోడలు. భర్త అజయ్‌కుమార్ అల్లపల్లిలో అటవీశాఖ ఉద్యోగి, నెలకోసారి ఇంటికొస్తాడు. సింధూజకు తెలుగు, మరాఠీ రెండూ మంచినీళ్లు తాగినంత సులువు. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం కోసం పుణెలోని ఒక అనువాద సంస్థ ఆమెను పరీక్షకు పిలిచింది. సోమవారం పదకొండింటికి, రెండు గంటలు, సొంత కంప్యూటర్ మీదే. మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే పరీక్ష అంతటితో సరి, రెండో అవకాశం లేదు. ఆ కంప్యూటరేమో నెలకు పైగా చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది.

“అహేరి దుకాణపాయన రెండుసార్లు వచ్చిండు కాకా,” అంది సింధూజ చాయ్ ఇస్తూ. “మొదటిసారి లోపలి పవర్ డబ్బా మార్చిండు. రెండోసారి కొత్త యూపీఎస్ పెట్టిండు. ఇప్పుడు బందయ్యే ముందు యూపీఎస్ కూత పెడుతది, గంతే తేడా.”

“నయమే. చెప్పి చస్తున్నది,” అన్నాడు రాజం. “ఇంట్లకు కొత్తగ ఏం తెచ్చిండ్రు? కూలరా, ఇంకేమన్ననా?”

“కరెంటుది ఏం తేలే కాకా.”

రాజం మీటర్ పెట్టి చూశాడు. రెండు వందల పది వోల్టులు. వంటింట్లో ఫ్రిజ్జు గుర్రుమనగానే ముల్లు నూట యాభైకి పడిపోయింది. యూపీఎస్ కూత పెట్టింది. రోజంతా ఇలా అడ్డం పడి కాపాడుతుంటే దాని బ్యాటరీ నిండేదెప్పుడు? రెండు నిమిషాల్లో తెర నల్లబడింది. పక్కింటికి వెళ్లి చూశాడు. రెండు వందల ఇరవై అయిదు, చలనం లేదు. అదే స్తంభం, అదే లైను. అంటే రోగం ఈ ఇంట్లోనే ఉంది.

“సోమారం నీ కంప్యూటర్ బందు కాదు బిడ్డా. ఇది రాజం మాట,” అన్నాడు. మాట ముందు, ఆలోచన తర్వాత. ఇది అతని రెండో పద్ధతి.

మధ్యాహ్నం దాకా ప్రతి బోర్డూ విప్పాడు, ప్రతి ముడీ బిగించాడు. ఫ్రిజ్జు గుర్రుమంటే తెర ఆరుతూనే ఉంది. చివరికి సింధూజ ఒక నోట్‌బుక్ తెచ్చింది. కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ తారీఖు, సమయం రాసిపెట్టింది.

“రెండు దినాలు మాత్రం ఒక్కసారి గూడ బందు కాలే కాకా. మార్చి పద్నాలుగు, ఏప్రిల్ రెండు.”

పక్కన చింతపండు గింజలు తీస్తున్న వెంకటవ్వ తల ఎత్తింది. “పద్నాలుగు నాడు ముల్చేర నుంచి మా బిడ్డ పిల్లలను తోలుకొని వచ్చింది గద. గన్ని బోళ్లు సింకుల యాడ పడుతయ్? జాలారికాడ కూసోని నేనే తోమిన. రెండో తారీకు గాలివాన.”

“సింకెప్పుడు పెట్టిండ్రు?” అన్నాడు రాజం.

“శివరాత్రి దాటినంక,” అంది సింధూజ. “చేతులు మంచిగుంటలేవని అత్తమ్మ పరేషాన్ అయితుండె. బయట కూసోని తోముడు వద్దని నేనే పెట్టిచ్చిన. అది కరెంటుది కాదు గద, అందుకే చెప్పలే.”

రాజం టెస్టరు కింద పెట్టి పెరట్లోకి నడిచాడు. గిన్నెలు తోమే జాలారి బండ పక్కన, గోడ మొదట్లో, తుప్పు పట్టిన ఇనుప రాడ్డు తల బయటికి కనబడుతోంది. దానికి చుట్టిన తీగ గోడ వెంట మీటరు డబ్బా దాకా పోయింది. చుట్టూ నేల ఎండి పగుళ్లిచ్చింది. తీగకు మూడు చుట్లు, ఆపైన ఎదురు తిప్పిన ఒక చుట్టు. సిరొంచలో అలా ముడి వేసేది ఒక్కడే. ఆ ఒక్కడూ దాని ముందు నిలబడి ఉన్నాడు.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. తెల్లవారితే అజయ్‌కు పదో తరగతి పరీక్ష. ఇంటికి వచ్చే రెండు తీగల్లో ఒకటి కరెంటు తెస్తుంది, రెండోది దాన్ని తిరిగి తీసుకుపోతుంది. ఆ రెండోది స్తంభం దగ్గర తెగిపోయింది. లైన్‌మన్ ఊళ్లో లేడు. ఆ కాలంలో అందరూ చేసే పనే రాజమూ చేశాడు. పెరట్లో రాడ్డు పాతి, తిరుగు కరెంటును భూమిలోకి పంపాడు. దీపం వెలిగింది. పిల్లవాడు చదువుకున్నాడు. వెంకటవ్వ పచ్చిపులుసు పోసి అన్నం పెట్టింది. ‘రేపొచ్చి స్తంభానికి కలుపుత’ అని చెప్పి రాజం వెళ్లాడు. ఆ రేపు ఇంకా రాలేదు. ఇన్నేళ్లూ వెంకటవ్వ బోళ్ల నీళ్లే ఆ నేలను తడిపి దీపాన్ని నిలబెట్టాయి. సింకు వచ్చింది, నేల ఎండింది, కంప్యూటర్ పడిపోయింది.

రాజం రెండు బకెట్ల నీళ్లు పోయించాడు. ఫ్రిజ్జు నడుస్తున్నా ముల్లు రెండు వందల పది దగ్గరే నిలబడింది. సింధూజ ముఖం వెలిగింది. “గింతేనా కాకా? సోమారం పొద్దుగాల్ల నాలుగు బకెట్లు పోస్తే అయిపాయె.”

“అయిపాయె,” అన్నాడు రాజం. ఆ రాడ్డు ఎవరు పాతారని ఎవరూ అడగలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, “గప్పటోళ్లు గిట్లనే చేసెటోళ్లు,” అని తనే అందుకున్నాడు.

అందరికన్నా సంబరపడింది వెంకటవ్వ. సింకు వచ్చినప్పటినుంచి ఆమెకు పని తగ్గి ప్రాణం ఊరుకోవడం లేదు. “బకెట్లెందుకు? గా రెండు గంటలు నేనే కూసోని తోముత. నా కోడలు పరీక్ష నా బోళ్ల మీద నడుస్తది,” అంటూ అప్పటికప్పుడే గిన్నెలు తెచ్చుకుని జాలారి దగ్గర కూర్చుంది. రెండో గిన్నె కడిగిందో లేదో చేతులు దులుపుకుంది.

“మల్ల మొదలైంది. పిల్లలొచ్చిన నాడొక్కటి విడిస్తే నెలన్నర మంచిగుండె, గోలీలు పని చేసినయనుకున్న. నీళ్లల్ల పెడితే చేతులు జిల్లుమంటయ్ రాజం. వయసు గద.”

రాజం మోకాళ్ల నొప్పి మరిచి ఇంట్లోకి పరుగెత్తి మెయిన్ ఆపేశాడు.

“గది వయసు కాదవ్వా, కరెంటు,” అన్నాడు తిరిగొచ్చి. “గా రాడ్డు పాతింది నేనే. రేపొస్తనని పోయి పద్దెనిమిదేండ్లు రాలే.” ఈ మనిషి చేతి అన్నం తిని, ఆమె చేతుల కిందే చావును పెట్టి వెళ్లాడు తను.

“మరి పరీక్ష? పక్కింటోళ్లు గూడ రేపు తాళమేసి ఊరికి పోతున్నరు,” అంది సింధూజ మెల్లగా.

“రేపు స్తంభానికి కలిపిస్త.”

“కలవకపోతే?”

సింధూజ అత్త తడి చేతులను కొంగుతో తుడిచింది. ఒక్కో వేలూ తుడిచింది. “కలవకపోతే పరీక్ష పోతది కాకా. మెయిన్ మాత్రం వెయ్యకు,” అంది. ఆ మాటకు రాజం తలెత్తలేకపోయాడు.

ఆదివారం లైన్‌మన్ విలాస్ పెర్మిలి వైపు తెగిన లైను చూడడానికి వెళ్లాడు. రాజం అతని ఇంటి మెట్ల మీద పొద్దున్నే కూర్చుని సాయంత్రం నాలుగు దాకా లేవలేదు. విలాస్ దుమ్ము కొట్టుకుని, అలసిపోయి వచ్చాడు.

“ఉద్యా చూద్దాం కాకా,” అన్నాడు. మరాఠీ కలపందే అతనికి మాట పూర్తి కాదు.

“ఉద్యా అనకు తమ్మీ. నేనొకసారి రేపు అన్న, పద్దెనిమిదేండ్లాయె.”

విలాస్ అతని ముఖం చూసి, విప్పబోతున్న నడుం బెల్టు మళ్లీ బిగించాడు. పొద్దుగూకేలోపు లైను ఆపించి, కొత్త తీగను స్తంభానికి కలిపాడు. రాడ్డుకున్న ముడిని రాజం తన చేత్తోనే విప్పాడు. తర్వాత మెయిన్ వేశాడు. రెండు వందల ఇరవై ఆరు. ఫ్రిజ్జు గుర్రుమంది. ముల్లు కదల్లేదు.

సోమవారం రెండు గంటలూ రాజం మెయిన్ ఎదురుగా కూర్చున్నాడు, కూర్చుంటే కరెంటు భయపడి నిలబడుతుందన్నట్టు. పన్నెండింటికి ఊరంతా కరెంటు పోయింది. లోపల యూపీఎస్ కూత పెట్టింది. కాని ఈసారి అది రాత్రంతా కడుపు నింపుకుని ఉంది. ఏడు నిమిషాలు ఓర్చుకుంది. కరెంటు వచ్చాక రాజం ముఖం తుడుచుకున్నాడు.

ఒంటిగంటకు సింధూజ బయటికొచ్చింది. “మొత్తం రాసిన కాకా. ఒక్కసారి గూడ బందు కాలే. నీ మాట నిలబడ్డది.”

వద్దన్నా వినకుండా వెంకటవ్వ అప్పటికే జాలారి దగ్గర కూర్చుంది. రెండు చేతులూ నీళ్లలో ముంచి కాసేపు అలాగే ఉంచింది. “జిల్లుమంటలేవు,” అంది. తిడుతుందేమోనని రాజం ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె లేచి పచ్చిపులుసు పోసి అన్నం పెట్టింది. అతను నాలుగు ముద్దలు తిన్నాక అడిగింది.

“రాజం, గప్పట్ల ఇంకెన్ని ఇండ్లల్ల పాతినవ్ బిడ్డా?”

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. ఎడమచేతి వేళ్ల మీద లెక్క పెట్టాడు. వేళ్లు చాలలేదు.

మర్నాటి నుంచి కరెంటు రాజం పిలవని ఇళ్లకు పోతున్నాడు. చాయ్ ఇస్తే తర్వాత అంటాడు. ఆ మూడు ప్రశ్నలూ అడగడు. నేరుగా పెరట్లోకి వెళ్లి, గిన్నెలు తోమే మనిషిని ఒక్కటే అడుగుతాడు.

“అవ్వా, నీళ్లల్ల చెయ్యి పెడితే జిల్లుమంటున్నదా?”