చక్రం తిరిగితే లేడు

ఆటో దుర్గయ్య పోయాడని చిక్కడపల్లిలో పుట్టిన పుకారు శుద్ధ అబద్ధం. చక్రం తిరుగుతున్నంతసేపూ అతను లేడు, అంతే. ఆగితే ఉంటాడు.

తప్పంతా ఫోనుది. బండి కదలగానే దానికి తాళం పడి, ఫోన్ చేసినవాళ్లకు దుర్గయ్య గొంతు వినిపించేలా కూతురు నర్మద ఏర్పాటు చేసింది. లేడు, బండి నడుపుతున్నాడు, ఆగాక చేస్తాడు అని చెప్పమంది. దుర్గయ్య "దుర్గయ్య లేడు" అని, దగ్గి, గొంతు సవరించుకునేలోగా రికార్డింగు ముగిసింది. మళ్లీ చెప్పమంటే, అర్థమవుతుంది కదా, చాలన్నాడు.

అప్పటినుంచి నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కితే లేడు. దిగి ఎర్రలైటు దగ్గర ఆగితే ఉన్నాడు. పచ్చలైటు పడితే మళ్లీ లేడు. అడిక్‌మెట్ దాకా బేరం దొరికిందంటే నాలుగుసార్లు పోయి నాలుగుసార్లు వచ్చేవాడు.

ఇదేమీ తెలియని పూల నర్సింహమ్మ ఒకరోజు ఫోన్ చేసింది. విని, బుట్ట కింద పెట్టేసింది.

"పోయిండట. ఆయన గొంతుతోనే ఆయన జెప్తుండు," అంది పక్క కొట్టువాళ్లతో. మధ్యాహ్నానికల్లా దండ కూడా కట్టింది.

కబురు అశోక్‌నగర్‌లో బాలత్రిపురసుందరమ్మకు చేరింది. ఐదో తరగతితో బడి మానేసినా, ప్రశ్నలు మానని మనిషి. ఆవిడ భర్త వీరరాఘవరావుగారికి ఆయాసం వస్తే మూడో అంతస్తు నుంచి ఎత్తుకుని దింపి, ఆసుపత్రికి చేర్చేది దుర్గయ్యే. వెంటనే నంబరు నొక్కింది. రెండోసారి మోగేసరికి పలికాడు.

"జెప్పుండ్రి అమ్మా."

"ఉన్నావా?"

"ఉన్న."

"మరి పోయావంటున్నారేమయ్యా?"

"అది ఫోన్ల పోయిన అమ్మా."

పుకారు పోయింది గానీ, సుందరమ్మను కొత్త పురుగు తొలిచింది. ఊరందరికీ లేనివాడు తనకెలా ఉన్నాడు? ములక్కాడల ధర అడిగినా, ఆటోలో ఎవరున్నారని అడిగినా ఎప్పుడూ పలికాడు. పరీక్షించడానికి నర్సింహమ్మను కూర్చోబెట్టి ఫోన్ చేయించింది. లేడు. వెంటనే తను చేసింది. ఉన్నాడు. మాసమ్మ చేత చేయించింది. కట్టుకున్న పెళ్లానికి కూడా లేడు. తన హస్తవాసి అలాంటిదని వారం రోజులు అపార్ట్‌మెంటంతా చాటింది. ఐనా పురుగు చావలేదు. మెట్ల దగ్గర దొరకబుచ్చుకుని సూటిగా అడిగేసింది.

"నిజం చెప్పు దుర్గయ్యా. నా ఒక్కదానికే ఎలా ఉంటావు?"

దుర్గయ్య తల గోక్కున్నాడు.

"ఒక్క నంబర్‌కు తాళం పడకుంట ఇడ్సిపెట్టొచ్చన్నది బిడ్డ. పెద్దసారుకు ఆయాసం ఎప్పుడొస్తదో ఎవరికెరుక అని మీది ఇడ్సిన. మోగిందంటే బండి పక్కకు ఆపుత, ఎక్కినోళ్లను జర ఆగుమంట, పానం గుప్పిట్ల పెట్టుకొని ఎత్తుత."

సుందరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది.

"ములక్కాడల కోసం ఎన్నిసార్లు ఆపించానయ్యా," అంది చివరికి.

"గట్లనే అడుగుండ్రి అమ్మా. ములక్కాడల ముచ్చటైతే సారు మంచిగున్నట్టే."