పసుపు గడపలో పాత సముద్రం

వేంపల్లె దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ కూతురు ఈశ్వరక్క ఇల్లు తిరగకట్టుకుంటోంది. పాత రాతి గడపను ఊడదీశారని, పగలగొట్టి పునాదిలో వేస్తారని ఫోటో పంపింది. రాయి నిండా ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు చుట్లు. అక్క కాపురానికి వచ్చిన నాటి నుంచి దానికి పసుపు రాసిన మనిషి. పగలగొట్టడానికి మనసొప్పడం లేదు, ఆపమనడానికి కారణమూ దొరకడం లేదు. ఫోటోను నా ఫోన్‌లోని ఏఐకి చూపిస్తే పాత చెట్టు మొద్దు అంది. ఇక స్వయంగా చూద్దామని నేనే బయలుదేరాను.

కర్నూలులో తెల్లవారుజామున బస్సెక్కితే నంద్యాల, మైదుకూరు మీదుగా పది దాటాక కడప చేరాను. అక్కడి నుంచి వేంపల్లెకు ఇంకో గంట పైన. ఊళ్లోకి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు.

మేస్త్రీ ఖాజా సమ్మెట పక్కన పెట్టుకుని టీ తాగుతున్నాడు. అన్నాలు తిన్నాక పునాది నింపాలట. రాయిని దగ్గరగా చూస్తే ఏఐ ఎందుకు పొరబడిందో అర్థమైంది. ఏళ్ల పసుపు గట్టిగా పట్టేసి, రాయి అచ్చం చెక్క రంగులో ఉంది. కడుగుదామన్నాను. అక్క ముఖం మారింది.

"గడపకు పసుపు తీసేస్తారా మే ఎవురన్నా? బోసిమొగం మాదిరి ఉంటాది."

అయినా అదేంటో తేలాలని తనే కొబ్బరిపీచు తెచ్చి రుద్దింది. లోపలి నుంచి బూడిదరంగు రాయి బయటపడింది. తడి ఆరకముందే, పక్కన చెంచా పెట్టి, పైనుంచి ఒకటి, అంచు వైపు నుంచి ఒకటి ఫోటోలు తీశాను. ఈసారి ఏఐ స్ట్రొమటోలైట్ కావచ్చు అంది. అంటే, ఎంతో పాత సముద్రంలో కంటికి కనపడని జీవులు పొర మీద పొరగా పేర్చిపోయిన శిలాజం. ఫోటో చూసి ఖాయంగా చెప్పలేనని, తెలిసినవారికి చూపించమని కూడా అంది.

చేపలేమన్నా ఉండాయేమో అడగమన్నాడు ఖాజా. అప్పటికి చేపలు పుట్టనే లేదట. అతను సమ్మెటను గోడకు ఆనించి, రాయిని కొలిచాడు. "కొత్త వాకిలికి ఇది పొడుగు ఎక్కువుండాదమ్మా. ఒక కొస కొట్టేయాల."

"వాకిలే ఎడల్పు చెయ్యప్పా," అంది అక్క. "రాయిని ముట్టుకోవద్దు."

మీరూ రాళ్ల ఫోటోలు తీసేటట్టయితే ముందు రాయిని శుభ్రంగా కడిగి, తడి మీద, అంచు కూడా కనబడేలా తీయండి. మనం పైన ఏం పూసి ఉంచామో ఏఐ దాన్నే చూస్తుంది. కడపలో భూగర్భశాస్త్రం చెప్పే ఒక మాస్టారికి ఫోటోలు పంపాం, జవాబు రావాలి. అది శిలాజం కాదని తేలినా గడప మాత్రం మారదని అక్క ఇప్పుడే చెప్పేసింది. ఇన్నాళ్లూ తన చేతికి తెలిసిన రాయిని ఉంచుకోవడానికి ఆమెకు ఒక్క పూట గడువు కావలసి వచ్చింది, అంతే.