పక్కగది అన్న, ఆయన బూట్ల పని

మా పక్కగది అన్న పోయాడు. నేను నర్సరీలో పిల్లలకు అన్నం తినిపిస్తుంటే మా ఆయన ఫోన్ చేసి చెప్పాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో అన్న తను పనిచేసే గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ దిగి, నాలుగడుగులు వేసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. గుండెపోటన్నారు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. అది ఇప్పటికీ పోలేదు, కనుక ఈ నాలుగు మాటలూ కోపంగానే ఉంటాయి. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలని నాకూ తెలుసు. చేతకావడం లేదు.

ఈ ఎడారి దేశంలో, నజ్మా అనే పేటలో మేముండేది గదులు గదులుగా చీల్చి అద్దెకిచ్చిన పాత విల్లా. మా గదికీ ఆయన గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలక. ఆయన దగ్గితే మాకు వినబడేది, మేం పోట్లాడుకుంటే ఆయనకు వినబడేది. ఆయనది జగిత్యాల వైపు, మాది భీమవరం దగ్గర. నన్ను చెల్లె అనేవాడు. వారంలో ఆరు రోజులు డ్యూటీ, శుక్రవారం బూట్లు.

మామూలు బూట్లు కావు, స్నీకర్లు. తొడుక్కోవడానికి కాకుండా దాచుకోవడానికి బూట్లు కొనేవాళ్ళు ఉంటారని నాకు ఆయన వల్లే తెలిసింది. ఎప్పుడో వచ్చిన రకం, మళ్ళీ దొరకనిది, పెట్టెలో పెట్టి బంగారంలా చూసుకుంటారు. కొన్నేళ్ళకు తెల్లటి అడుగు పసుపెక్కుతుంది, జిగురు విడుతుంది, తోలు మీద రంగు పెచ్చులు లేస్తుంది. అప్పుడు అన్న దగ్గరకు తెచ్చేవారు. ఈ పని ఆయనకు లేబర్ క్యాంప్‌లో ఉన్న రోజుల్లో పక్క మంచం ఫిలిప్పీన్స్ అతను నేర్పాడు. దేశం వెళ్ళిపోతూ తన బ్రష్షులు ఈయన చేతిలో పెట్టి వెళ్ళాడు.

మా పరిచయం తగువుతో మొదలైంది. నేను మేడ మీద వడియాలు ఎండబెట్టి గంట తర్వాత వెళ్ళి చూస్తే, పక్కనే రెండు బూట్లు. ఏదో తెల్లటి క్రీము పూసి, వంటింట్లో గిన్నెల మీద కప్పే ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎండలో పెట్టి ఉన్నాయి. అడుగుల పసుపు విరగడానికి అలా పెడతారని నాకేం తెలుసు? తినే వస్తువు పక్కన కాళ్ళకు తొడిగేవి పెడతారా, బుద్ధుందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అసలు మీది ఏ కులం అని కూడా అడిగాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అడిగాను కనుక రాస్తున్నాను. ఆయన బూట్లు రెండూ తీసుకుని నీళ్ళ ట్యాంకు అవతలికి వెళ్ళిపోయాడు.

నర్సరీకి వేసుకునే నా తెల్ల బూట్లు గుమ్మం బయట విడిచేదాన్ని. ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు; తర్వాతి ఆదివారం డ్యూటీకి బయల్దేరబోతే అవి నావేనా అని రెండుసార్లు చూసుకోవలసి వచ్చింది. ఊడుతున్న అడుగు అతికి ఉంది, తాళ్ళు తళతళలాడుతున్నాయి. సాయంత్రం సంకోచిస్తూ వెళ్ళి అడిగితే, బ్రష్ ఎట్లాగూ చేతిలోనే ఉంది కదా అన్నాడు, అంతే. ఆ రోజు నుంచి శుక్రవారం నా వంట కాగానే వెళ్ళి ఆయన గుమ్మంలో కూర్చునేదాన్ని.

నున్నటి తోలుకు మెత్తటి బ్రష్, అడుగుకు గట్టి బ్రష్. నూగు తోలుకైతే నీటి చుక్క తగలనిచ్చేవాడు కాదు, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో ఓపిగ్గా రుద్దేవాడు. జిగురు పూశాక పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బూటుకు కట్టు కట్టి పక్కన పెట్టి, టీ తాగుతూ దానివైపే చూసేవాడు. ఒకసారి పెద్ద కారులో వచ్చిన ఒకాయన ఒక జత తెచ్చాడు. ఒక్కసారి కూడా తొడగలేదట. పెట్టెలోంచి ఎత్తగానే అడుగు పొడిపొడిగా నేల మీద రాలింది. పాపం, ఆయన ముఖం చూడలేకపోయాం. వెళ్ళాక అన్న ఆ పొడి ఊడుస్తూ, "తొడగక డబ్బాల పెడితే బూటు లోపల్లోపట్నే సస్తది చెల్లె. నడిస్తెనే బతుకుతది" అన్నాడు.

ఆయన పద్ధతి ఒకటి మొదట్లో నాకు చాదస్తంగా తోచేది. బాగుచేసిన ప్రతి జతతో పాటు పెట్టెలో ఒక చీటీ పెట్టేవాడు. ఎక్కడ కొత్త రంగు వేశాడో, ఎక్కడ అతికాడో, ఏది మార్చాడో అన్నీ అందులో ఉండాలి. ఆయనకు ఇంగ్లీషు రాయడం రాదు, చెబుతుంటే నేను రాసేదాన్ని. ఎవరికీ కనబడకుండా అతికి, అతికానని మళ్ళీ మనమే చాటుకోవడమెందుకని అడిగాను. "రేపు ఇది ఇంకొకలు కొంటరు. నేనేం చేసిన్నో వాళ్ళకు తెల్వాలె. దాస్తే దొంగతనమే" అన్నాడు.

ఇంత నీతి చెప్పిన మనిషి తన ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. ఇన్నేళ్ళ బూట్ల పని ఊళ్ళో ఉన్న భార్యకు తెలియదు. ఇక్కడే అల్ వక్రాలో ఉండే బావమరిదికి తెలియదు. ఆ బావమరిది చూడటానికి వచ్చే రోజు అన్న జతలన్నీ మోసుకొచ్చి మా మంచం కింద దాచేవాడు. మావాళ్ళలో ఈ పని చెయ్యరు, తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోనివ్వరు అనేవాడు. ఊళ్ళో ఎవరు, పేరు చెప్పండి అని నేను గద్దిస్తే ఇంకో జత నా చేతికి అందించేవాడు. నేను సణుగుతూనే బూట్లు మంచం కిందికి తోసేదాన్ని. తోశాను చూడండి, నా మీద నాకు కోపం అందుకే.

ఆయన పోయిన మూడో రోజు బావమరిది గది ఖాళీ చెయ్యడానికి వచ్చాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. బ్రష్షులు, రంగు సీసాలు, జిగురు, సైకిల్ ట్యూబులు, జనం నమ్మి ఇచ్చిన ఏడు జతల బూట్లు, అన్నీ వీధి చివర మనిషెత్తు చెత్తడబ్బాలో ఉన్నాయి. బావమరిది గుమ్మంలో నిలబడి సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. ఆయన కాళ్ళకున్నవీ స్నీకర్లే, తెల్లగా మెరుస్తున్నాయి. తొడుక్కోవడానికి లేని అంటు తుడవడానికి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ఇది ఇంటి పరువు సంగతి, మీకు తెలియదు అన్నాడు. నేను వెళ్ళి చెత్తడబ్బాలోకి దిగాను. చీర కట్టుకునే దిగాను. మా ఆయన పైనుంచి ఒక్కొక్కటీ అందుకున్నాడు.

తర్వాత రెండు వారాలు ఆ జతల తాలూకు మనుషులు మా తలుపు కొట్టారు. ఉస్తాద్ ఏడీ అని అడిగారు. చెబితే ఒకాయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఇంకొకాయన బూటు తిప్పి చూసి, అతుకు ఎక్కడుందో కనుక్కోలేక, చీటీ ఉందా అని నన్నడిగాడు. లేదన్నాను. ఆ చీటీ చెప్పాల్సిన మనిషి లేడు కదా.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడి మనవాళ్ళ సంఘం సంతాప సభ పెట్టి, చదవడానికి నన్ను నాలుగు మాటలు రాయమంది. రాశాను. చూసి, బాగుందమ్మా, కానీ ఆ బూట్ల భాగం తీసెయ్యండి, కుటుంబం వద్దంటోంది అన్నారు. కుటుంబం అంటే బావమరిది. కష్టజీవి అని ఉంచుకోవచ్చట, మృదుభాషి అని ఉంచుకోవచ్చట. ఏం కష్టపడ్డాడో మాత్రం చెప్పకూడదట! కాగితం వెనక్కి తీసుకుని వచ్చేశాను. ఆ సభలో చదవనివ్వనిది మీ ముందు పెడుతున్నాను.

అన్నా, కోపం వాళ్ళ మీద కన్నా నీ మీదే ఎక్కువ. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు మోసపోకూడదని పెట్టె పెట్టెకీ చీటీ పెట్టావు. నీతో కాపురం చేసిన మనిషికి ఒక్క ముక్క చెప్పలేకపోయావా?

దినాలు అయ్యాక ఊరి నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. బూట్ల ముచ్చట ఎత్తవద్దని బావమరిది నాకు ముందే గట్టిగా చెప్పి ఉన్నాడు. నేను ఎత్తలేదు, ఆమే ఎత్తింది. వాళ్ళ ఊళ్ళో ఈ ఎడారి దేశాలన్నిటినీ దుబాయ్ అనే అంటారు.

"దుబాయ్‌ల ఆయన ఏం పని చేసేటోడు వదినె? ఇంటికి వచ్చినప్పుడల్లా గోర్ల సందుల రంగు ఉండేది. అడిగితె గోడౌన్‌ల పెయింట్ అంటుండె. పెయింట్ గన్ని రంగుల ఉంటదా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. నేను తిట్టిన తిట్లతో సహా చెప్పాను. అవతల నుంచి ఆమె గొంతు నా గొంతు కన్నా కోపంగా వచ్చింది.

"బూట్లు కడిగిండని మొగున్ని ఇడిసిపెడ్తుంటినా నేను? గింత చేతిపని పెట్టుకొని నాకు చెప్పకపాయె. చూపియ్యి వదినె."

ఒక్క జత మిగిలి ఉంది నా దగ్గర. దాని మనిషి లీవులో దేశం వెళ్ళాడు. గదిలో వెలుతురు చాలదని వాకిట్లోకి తెచ్చి మెట్టు మీద పెట్టి వీడియో కలిపాను. ఎడమ బూటు పని అయిపోయింది, తెల్లగా, నిండుగా ఉంది. కుడిది మొదలే పెట్టలేదు. పసుపెక్కి, అడుగు పెదవిలా విడిచి, పెచ్చులు లేచి ఉంది.

"ఆ మంచిది గూడ ముందుగాల గిట్లనే ఉండెనా?" అని అడిగింది.

గిట్లనే ఉండె అన్నాను, ఆమె మాటలోనే.

ఇంకొంచెం దగ్గరకు పట్టమంది. పట్టాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె అటు నుంచి చూస్తూనే ఉంది, ఇటు మండుటెండలో ఫోన్ వేడెక్కిపోయి నా చేతిలో ఆగిపోయేదాకా.