పొంగిన పొయ్యిరాళ్లు

మొన్న వంటింటి గట్టు మార్పిద్దామని కోడలు నన్ను రాళ్ల కొట్టుకు తీసుకెళ్లింది. కొట్టు కుర్రాడు నల్లరాయి మీద చెయ్యి వేసి, "ఇది భూమి లోపల కరిగి చల్లారిందండి మామ్మగారూ" అన్నాడు. పక్కనున్న పాలరాయి చూపించి, "ఇది ఒకప్పుడు సున్నపురాయేనండి. వేడికీ బరువుకీ ఇలా మారిపోయింది" అన్నాడు. కోడలు రంగులు చూసుకుంటోంది. నాకు మాత్రం చిన్నప్పుడు పట్టుకున్న తికమక మళ్లీ మొదలైంది.

అప్పుడు మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్లం. నాన్నది కిరాణా కొట్టు. నైజాం వైపు గొడవలు ముదిరి, హద్దు దాటి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండిపోయింది. ఎవరు ఏ వరసో తెలియక అందరినీ అత్తయ్యా అని పిలిచి చివాట్లు తినేదాన్ని. సొంత మేనత్త కూడా వచ్చింది, ఒక్కతే. మామయ్య కొట్టు వదిలి రానని అక్కడే ఉండిపోయాడు. ఆ తర్వాత కబురు లేదు. ఊరికే కూర్చుంటే దిగులు ముంచుకొస్తుందని అత్తయ్య వంటంతా నెత్తిన వేసుకుంది. దొడ్లో గాడిపొయ్యి తవ్వించి, ప్రహరీ కోసం తోలించిన బూడిదరంగు రాళ్లను తనే ఏరి అంచులకు పేర్చింది. చింతమొద్దులు ఆరకుండా మండేవి. పొగకు కళ్లు మండుతున్నాయని వంక పెట్టుకుని అత్తయ్య హాయిగా ఏడ్చేది.

ఒక మధ్యాహ్నం వంట దించగానే పెద్ద వాన పడింది. పొయ్యిరాళ్లు బుసబుసమంటూ ఆవిర్లు కక్కి, ఉబ్బి, పగిలి, తెల్లటి పిండై గాడిలోకి జారిపోయాయి. "అమ్మా! రాళ్లు ఉడికిపోతున్నాయే!" అని అత్తయ్య కేక పెట్టింది. నోరు జారడంలో అందెవేసిన చెయ్యి అయిన మా నాయనమ్మ, "పొయ్యిరాయి పగిలితే ఇంటాయనకి కీడంటారే" అనేసింది. అంతే, అత్తయ్య మంగళసూత్రాలు గుప్పిట పట్టుకుని కూలబడింది. ఆ పూట నుంచి ముద్ద ముట్టలేదు. మామయ్యకూ ఆ రాళ్లకూ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు గాని, ఉందని మాత్రం నమ్మేశాను.

నందిగామలో బడిపంతులైన మా పెదనాన్నకు కబురు పెడితే ఆ రోజుల్లో బొగ్గు మంటతో నడిచే బస్సులో, ముఖమంతా మసితో దిగాడు. పిండిని వేళ్లతో నలిపి నవ్వాడు. "పిచ్చిదానా, ఇది సున్నపురాయి. బాగా కాలితే సున్నమవుద్ది, నీళ్లు తగిలితే పొంగుద్ది. అమ్మ రోజూ తాంబూలంలో వేసుకునేది ఇదేగా!" అన్నాడు. సున్నం బజార్లో కొనుక్కోవడమే గాని అదెక్కణ్ణుంచి ఊడిపడుతుందో మా ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. పెదనాన్న అక్కడితో ఆగితే బాగుండేది. భూమి లోపల రాళ్లు పాకంలా కరుగుతాయనీ, పైకొచ్చి చల్లారి నల్లరాళ్లవుతాయనీ, అవి అరిగి ఇసుకై, ఇసుక అణిగి మళ్లీ రాయై, అది ఉడికి ఇంకో రాయవుతుందనీ పాఠం అందుకున్నాడు. "రాళ్లకే నిలకడ లేకపోతే ఇక మనుషుల్నేం అంటాంలే" అని నాయనమ్మ లేచిపోయింది. నాకు కాళ్ల కింద నేల మీదే అనుమానం పట్టుకుంది.

అత్తయ్య ఒక్కటే అడిగింది. "మరి ఈ పిండి మళ్లీ రాయవుద్దా అన్నయ్యా?"

"అవుద్ది. ఇసుక కలిపి గోడకి పూస్తే, గాలి తగిలి గట్టిపడుద్ది."

"అదే రాయా?"

ఏనాడూ జవాబుకు తడుముకోని పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అయినా అత్తయ్య ఆ రాత్రి అన్నం తిన్నది.

గొడవలు అణిగాక మామయ్య వచ్చాడు. వీధి చివరి నుంచే నవ్వు వినిపించే మనిషి గుమ్మంలో చప్పుడు లేకుండా నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి, "ఎవరమ్మాయి?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య మాత్రం కాళ్లకు నీళ్లిచ్చి, విస్తరి వేసి, ఆయన వద్దంటున్నా పప్పులో నెయ్యి పోసింది. తర్వాత చాలా ఏళ్లు కాపురం చేశారు. మేం ఎదురుచూసిన మనిషీ, వచ్చిన మనిషీ ఒకరేనా అన్న సందేహం అత్తయ్యకెప్పుడైనా కలిగిందో లేదో, అడిగే ధైర్యం నాకు రాలేదు. కాలం మనుషుల్ని తిరిగిస్తుంది గాని, ఎవరినిచ్చిందో చెప్పదు.