నారుకట్ట అందుకున్న సెలెక్టరు

ఒక్క బంతితో ఒక పెద్దమనిషి అరచేతిని, మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మాస్టారి పరువుని, నా భవిష్యత్తుని ఒకేసారి గాల్లోకి లేపిన ఘనత నాది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. ఇరవై ఏళ్లుగా మా ఊరంతా నవ్వుతూనే ఉంది.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. నేను బేస్‌బాల్ పిచ్చర్ని. క్రికెట్లో బౌలరు పరిగెత్తుకొచ్చి బంతిని నేలకేసి కొడతాడు. మాకా పరుగు లేదు. ఉన్నచోటే నిలబడి, ఒక కాలెత్తి, బంతిని నేల తగలకుండా ఎదురుగా గొంతుక్కూర్చున్న క్యాచర్ చేతికి పంపుతాం. మధ్యలో బ్యాటు పట్టుకున్నవాడు కొట్టగలిగితే కొట్టుకోవచ్చు. పన్నెండేళ్లు ఒక కంపెనీ జట్టులో ఇదే నా ఉద్యోగం. మా కోటబొమ్మాళి వైపు ఈ సంగతి చెబితే ఇప్పటికీ, "బంతి ఇసిరితే జీతమిస్తారేటి?" అని అడుగుతారు. ఇస్తారండీ. నాలాగా విసిరితే ఇస్తారు.

అలా విసరడం నాకు ఏ కోచ్చూ నేర్పలేదు. వరి నారు నేర్పింది. ఉభాలప్పుడు, అంటే వరి నాట్లప్పుడు, ఆడవాళ్లు మడిలో వరసగా వంగి నాటుకుంటూ పోతారు. చేతిలో నారు అయిపోతే నడుం ఎత్తరు, తల తిప్పరు. ఒక చెయ్యి పైకెత్తుతారు, అంతే. గట్టు మీద ఉన్నవాడు నారుకట్ట విసిరితే అది వాళ్ల ముందు జానెడు దూరంలో పడాలి. మీద పడితే బురద, దూరంగా పడితే తిట్లు. ఆ తిట్లలో మా అప్పలమ్మత్తని మించినవాళ్లు మూడు మండలాల్లో లేరు. ఆవిడ నోటికి దడిసి గురి నేర్చుకున్నవాణ్ణి నేను. ఆఖరికి ఆవిడ ఎత్తిన చేతిలోనే కట్ట పెట్టేవాణ్ణి. "అందుకో అత్తా!" అని కేక వేసి విసిరితే, ఆవిడ తల ఎత్తకుండానే పట్టుకునేది.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా శ్రీకాకుళంలో ఎంపిక పోటీలు పెట్టారు. రాష్ట్ర జట్టుకి మా జిల్లా నుంచి ఒకే ఒక్క పిచ్చర్ని తీసుకుంటారు. అదీ సరిగ్గా ఉభాల్లో వచ్చి పడింది. మా నాన్న తెగేసి చెప్పాడు.

"ఇదే ఆకరి పాలి. ఎంచుకుంటే ఆడుకో, నానేటీ అనను. నేదంటే ఆ బంతి అటకెక్కించీసి గట్టు మీద నిలబడు. మల్లీ ఆట మాటెత్తకు."

"సరే నాన్నా. మరి ఈ నాలుగు రోజులూ పేక్టీసు సేసుకోనా?"

"సేసుకో. బంతికీ కట్టకీ తేడా ఏటుంది? మడిలోకి ఇసురు."

నాలుగు రోజులు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి కట్టలు విసిరాను. ఐదోరోజు ఎంపిక. ఆ పొద్దున కూడా ఎనిమిదింటి దాకా విసిరి, కాళ్లు సగం కడుక్కుని బస్సెక్కాను. ఇక్కడే పెట్టుకోండి గుర్తు. నాలుగు రోజులు ఒకే పని చేసిన చెయ్యి ఇక మన మాట వినదు, దాని మాటే మనం వినాలి.

గ్రౌండు దగ్గర పీడీ మాస్టారు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు.

"ఇంత ఆలిస్యమేటిరా? కాళ్లకి ఆ బురదేటి?"

"ఉభాలు సార్."

"ఒరే, పొద్దున్నే అరసవల్లి గుడికి ఎల్లి నీ పేరున దండం పెట్టి వచ్చాను. సెలెక్టరు గారికి మాటిచ్చాను, మా వోడు సూది బెజ్జంలోంచి బంతి పంపుతాడని. నా పరువు నీ చేతిలో ఉంది."

"నా చేతిలో ఉంటే ఇంక బెంగేటి సార్?" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ వయసులో నాకు సిగ్గు తక్కువ, గురి ఎక్కువ.

సెలెక్టరు గారు విజయనగరం నుంచి వచ్చిన పెద్ద మీసాల ఆసామి. మైదానం పక్కన షామియానా కింద కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం పెట్టుకుని కూర్చున్నారు. నాకు క్యాచరు మా మేనత్త కొడుకు రమణ.

మొదటి కుర్రాడు బ్యాటు పట్టుకుని వచ్చాడు. మూడు బంతులు, మూడూ గాలికే ఊపాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు ఊపనైనా లేదు, చూస్తూ నిలబడ్డాడు. "సంపీసినావు బావా!" అని రమణ అరిచాడు. పీడీ మాస్టారు అరసవల్లి దిక్కుకి తిరిగి ఇంకో దండం పెట్టారు. ఆ నిమిషాన ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు.

నాలుగోవాడు వచ్చాడు. నేను కాలెత్తాను. చెయ్యి వెనక్కి వెళ్లింది. సరిగ్గా అప్పుడు నా కంటి చివర షామియానా కింద ఒక మనిషి కనిపించాడు. నడుం వంగి ఉంది. తల దించి ఉంది. ఒక చెయ్యి పైకి లేచింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నారుతో వచ్చిన బుద్ధి బంతితో బయటపడింది.

"అందుకో అత్తా!" అని గ్రౌండంతా వినబడేలా కేక వేసి విసిరాను.

"ఒరే బావా, ఇటు! ఇటురా!" అని రమణ అరిచేసరికే ఠప్పుమని శబ్దం. బంతి సెలెక్టరు గారి కుడి అరచేతి నడిమధ్యన తగిలింది. వేళ్ల మధ్య ఉన్న పెన్ను ఎగిరి షామియానా మీద పడింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి వెళ్లారు.

ఆయన లేచి, మీసం సర్దుకుని, మొదట అడిగిన మాట నొప్పి గురించి కాదు.

"ఎవుడ్రా నీకు అత్త?"

పీడీ మాస్టారు పరిగెత్తారు. ఎవరో సోడాబండి దగ్గర ఐసు తెచ్చారు. చేతులు వాచాక ఐసు పట్టుకుని ఏం లాభం? అరచెయ్యి అప్పటికే నూనెలో వేసిన పూరీలా పొంగింది. మా నాన్న అటక కళ్ల ముందు కనిపించింది. ఏడుపు ఆపుకోలేక నారు సంగతి, అప్పలమ్మత్త సంగతి మొత్తం కక్కేశాను.

"అయితే సెయ్యెత్తినోలందరికీ ఇసిరీడమేనా?" అన్నారాయన.

"తల దించుకుని ఎత్తినోలకేనండి."

"నాను సెయ్యెత్తింది దేనికో తెలుసునా? ఇంక సాలు, ఆపు అని. నీ పేరు అప్పటికే రాసీసినాను."

పీడీ మాస్టారు చేతులు జోడించారు. "బాబూ, మీకు కోపమొస్తే ఆ పేరు కొట్టీయండి. నాను మాటాడను."

సెలెక్టరు గారు వాచిన చేతిని చూసుకున్నారు. నేను నిలబడిన చోటికీ ఆ చేతికీ మధ్య దూరం చూశారు. పెద్దగా నిట్టూర్చారు.

"ఏటితో కొట్టీమంటావు మాస్టారూ? పెన్ను పట్టే సెయ్యి ఈడు ఉంచాడేటి?"

పేరు అలాగే ఉండిపోయింది. కానీ కాగితం ఆ సాయంత్రమే వెళ్లాలి, కింద సంతకం కావాలి. ఎడంచేత్తో ప్రయత్నిస్తే కోడి గీకినట్టు వచ్చింది. ఆఖరికి రెండు ఎమ్మేలు చదివిన ఆ పెద్దమనిషి స్టాంపు ప్యాడ్‌లో ఎడమ బొటనవేలు అద్ది నిశానీ వేశారు. పక్కన పీడీ మాస్టారు సాక్షి సంతకం పెట్టారు. మర్నాడు పైనుంచి ఫోనొచ్చిందట, "మీ జిల్లాలో చదువొచ్చిన సెలెక్టరు దొరకలేదా?" అని. ఆయన ఆ ఒక్క మాటకి మాత్రం నన్ను చాలా ఏళ్లు క్షమించలేదు.

నేను మాత్రం ఎంపిక జరిగిన మధ్యాహ్నమే కోటబొమ్మాళి వచ్చి నేరుగా మడి దగ్గరికి వెళ్లాను. ఎంపికయ్యానని చెప్పాను. మా నాన్న తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు. నాకు ఆ నిశానీ కంటే ఆ తువ్వాలే పెద్ద సర్టిఫికెట్టు అనిపించింది. తర్వాత జరిగిందంతా చెప్పాను. ఆడవాళ్లు మడిలో కూలబడి నవ్వారు. అప్పలమ్మత్త ఒక్కతే నవ్వలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని, నా వైపు చిరాగ్గా చూసింది.

"ముప్పై ఏళ్ల కాడినుంచి నారు అందుకుంతన్నాను. ఒక్కనాడైనా నా సెయ్యి వాసిందేటిరా? ఎదురుగా వచ్చిన కట్ట పట్టడం రానోడు, ఆడ్ని తెచ్చి సెలట్రు సేసినోడెవుడు?"



ఇప్పుడు నేనే పిల్లల్ని ఎంపిక చేసే కుర్చీలో కూర్చుంటున్నాను. అందుచేత అరసవల్లి స్వామి సాక్షిగా, ఎడమ బొటనవేలు అద్ది మరీ ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో తల దించుకుని చెయ్యెత్తినవాళ్లు ఎవరు కనిపించినా, దగ్గరికి వెళ్లి, "కట్ట కావాలా, ఆపమంటారా?" అని వినయంగా అడిగి, జవాబు విన్నాకే విసురుతాను. అప్పలమ్మత్తని మాత్రం అడగను. అడిగితే తిడుతుంది.