ఆదర్శ తొట్టె

ఆయన ముందుగా గొడుగు కొనతో తొట్టె మూత ఎత్తుతాడు. తర్వాత మెడ చాపి చూస్తాడు. లోపల ఏం కనబడినా సరే, "ఎవరు వేశారిది?" అంటాడు.

అపార్ట్‌మెంటు పిల్లలు ఆయనకు మూత తాతయ్య అని పేరు పెట్టారు. హెడ్ క్లర్కుగా రిటైరైనప్పటినుంచి ఆయన మాట వినే నాథుడు లేడు. భార్య వినదు, ఆవిడకు పనుంటుంది. అలాంటి రోజుల్లో కార్పొరేషన్ వాళ్లు తడి చెత్త పథకం పెట్టారు. వెనక గోడ పక్కన సిమెంటు తొట్టె కట్టి, ఇందులో తొక్కలు వేస్తే ఎరువవుతుంది, చూసుకోవడానికో మనిషి కావాలన్నారు. అందరికీ ఒక్కసారే ఫోన్లలో పని పడింది. ఆయన చెయ్యెత్తాడు.

ఆయనకు మళ్లీ ఆఫీసు దొరికింది.

"ఏమ్మా, కూరగాయ తొక్కల్లో షాంపూ ప్యాకెట్టా?"

"మా ఆయన వేశారు బాబాయిగారూ."

"పంపించు ఆయన్ని."

ఆ మొగుడు ఎప్పుడూ రాడు. తాతయ్యకు పిలవడంలోనే ఉంది తృప్తి.

అడుగున ఎరువు నల్లగా, వెచ్చగా తయారవుతోంది. వానపాములు కూడా చేరాయి. పైన మాత్రం కంపు. ఇంతలో కబురొచ్చింది: రేపు అధికారి వస్తారు, బాగాలేని తొట్టెలు తీయించేస్తారు. తొట్టె పోతే ఆయన మళ్లీ బాల్కనీలో కుర్చీకి అతుక్కుపోవాలి.

ఉద్యోగం ఆయనకు నేర్పింది ఒక్కటే. పైవాళ్లు వస్తున్నారంటే కడిగించాలి. కూలీలను పిలిచి ఎరువూ వానపాములూ మొత్తం చెత్త లారీకి ఎక్కించాడు. తొట్టెను ఫినాయిల్‌తో రుద్దించాడు.

"ఎరువు చూడ్డానికొస్తుంటే ఎరువు పారేశారేంటండీ?" అంది భార్య.

"ఆఫీసరుగారిని కంపులో నిలబెట్టమంటావా?"

అధికారి వచ్చి మూత ఎత్తించాడు.

"ఎరువేదండీ?"

"శుభ్రం చేయించాను సార్, తమరొస్తున్నారని."

అధికారి ఆయన్ని ఎగాదిగా చూశాడు. పొద్దున్నుంచీ తిరిగి చూసిన తొట్టెలన్నీ కంపుతో ముక్కు బద్దలు కొట్టాయి. ముక్కుకు అడ్డం పెట్టుకున్న రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తొట్టె అంటే ఇలా ఉండాలి" అన్నాడు.

సాయంత్రానికి తొట్టె పైన గోడకు కార్పొరేషన్ బోర్డు వేలాడింది: 'ఆదర్శ తొట్టె. ఇందులో చెత్త వేయరాదు.' అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, తొక్కలన్నీ హాయిగా మామూలు చెత్తలో కలిపేసుకున్నారు. ఆయన బోర్డు కింద గొడుగుతో నిలబడ్డాడు. మూత ఎత్తాడు. లోపల సిమెంటు. అడగడానికి ఏమీ దొరకలేదు. మూత దించాడు.

మర్నాడు పొద్దున తొక్కల గిన్నె తనే పట్టుకుని కిందికి దిగాడు. బోర్డును గోడవైపు తిప్పాడు. గిన్నె తొట్టెలో బోర్లించి గొడుగుతో కెలికితే, తొక్కల మధ్య ఓ రబ్బరు బ్యాండు బయటపడింది. ఆయన మొహం వికసించింది. తలెత్తి, తమ వంటింటి కిటికీవైపు గొంతు చించుకున్నాడు:

"ఎవరు వేశారిది?"